ఊరిపేర్ల వెంట: శ్రీకాకుళం జిల్లాలో ఒక యాత్ర

శ్రీకాకుళం జిల్లాకు వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం చూసుకుని సాయంత్రానికి విశాఖపట్నం చేరుకుంటారు. దైవదర్శనం మట్టుకే అయితే ఆ ఏర్పాటు చాలును. తెలుగు ఎక్కడ ఒడియాతో కలుస్తుందో, ఎక్కడ కొండల్లోని గిరిజనుల సవర భాషకు తావిస్తుందో, ఆ కలయిక ఊరిపేర్లలో ఎలా నిలిచిపోయిందో చూడదలచిన వారికి మాత్రం బస జిల్లా కేంద్రంలో కాక పలాస-కాశీబుగ్గలో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

రైల్లో వచ్చేవారు మొదట తెలుసుకోవలసింది స్టేషను పేరు చివర ఉండే ‘రోడ్’ అన్న మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో; అక్కడి నుంచి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుకు పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మందస రోడ్‌లో దిగినా ఇదే తీరు, మందస అక్కడ ఉండదు. ఆమదాలవలసలో పగటిపూట బస్సులకూ ఆటోలకూ కొదవ లేదు గాని, అర్ధరాత్రి దిగినవారు ఆటోవాడు చెప్పిన రేటుకు తలవంచక తప్పదు. శ్రీకాకుళంలో కాంప్లెక్సు చుట్టుపక్కల లాడ్జీలు చాలానే ఉన్నాయి. నేను దిగిన గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం అడిగినప్పుడల్లా ‘ఇప్పుడే వస్తాయి బాబూ’ అన్న జవాబుగానే వచ్చాయి.

ఈ ఊరిని చుట్టుపక్కల పల్లెలవారు ఇప్పటికీ సికాకోలు అంటారు. ఇంగ్లీషువారి కాగితాల్లోని చికాకోల్‌కు దగ్గరగా ఉన్నది ఈ పలుకుబడే గాని, బడిలో నేర్చుకునే ‘శ్రీకాకుళం’ కాదు. ‘సిక్కా ఖోల్’, అంటే నాణేల సంచి విప్పమనడం, దానినుంచి చికాకోల్ వచ్చిందని ఒక కథ చెబుతారు. వినడానికి సరదాగా ఉంటుంది, అంతకుమించి దానికి బలం ఉన్నట్టు నాకు తోచదు. అరసవల్లికి హర్షవల్లి మూలమనే మాట కూడా గుడిలో వినడానికి బాగుంటుంది. గైడ్లు చెప్పే వ్యుత్పత్తుల కంటే శాసనాల్లో ఉన్న పేర్లనే నమ్ముకోవడం మంచిది.

అందుకు శ్రీముఖలింగమే తగిన చోటు. వంశధార ఒడ్డున ఉన్న ఈ పల్లె తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. అనంతవర్మ చోడగంగు తరువాతి కాలంలో ఆ అధికారకేంద్రం కటకానికి తరలిపోయింది. మధుకేశ్వరాలయపు గోడల మీద సంస్కృతంతో పాటు తెలుగు శాసనాలు కూడా ఉన్నాయి. ఒకప్పటి రాజధానిలో ఇవాళ రాత్రి బస చేయడానికి చెప్పుకోదగ్గ వసతి లేదు, మంచి భోజనశాల కూడా లేదు. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చేవారు తిరుగు బస్సు వేళ దిగిన వెంటనే కండక్టరును అడిగి తెలుసుకోవాలి. నలుగురైదుగురు ఉంటే కారు మాట్లాడుకోవడమే సుఖం.

టెక్కలి దాటి ఉత్తరానికి పోయేకొద్దీ ఊరిపేర్ల చివరలను గమనిస్తూ కూర్చోవడం నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఇష్టమైన పని. దక్షిణాన ఆమదాలవలస, విజయనగరం వైపు కొత్తవలస: వేరేచోటి నుంచి తరలివచ్చినవారు కట్టుకున్న ఊళ్లకు ‘వలస’ అన్న చివర అమరింది. పేటలు, పురాలు అంతటా ఉన్నవే. ఉత్తరాన నందిగాం, మెళియాపుట్టి వంటి పేర్లు ఎదురవుతాయి. నందిగాంలో ఒడియా గాలి వినిపిస్తుందని చటుక్కున అనాలనిపిస్తుంది గాని, కృష్ణా తీరం వైపు నందిగామ కూడా ఉంది కదా! ఒక్క చివరను పట్టుకుని ఊరి భాషను తేల్చేయడం తొందరపాటు. ఇరుగుపొరుగు ఊళ్ల పేర్లన్నీ కలిపి చూసినప్పుడే అది కొంత సాక్ష్యమవుతుంది.

పలాసలో ఎక్స్‌ప్రెస్ రైళ్లు చాలావరకు ఆగుతాయి, కాశీబుగ్గ వైపు లాడ్జీలూ మెస్సులూ ఉన్నాయి. గదులు శ్రీకాకుళంలో ఉన్నంత విశాలంగా లేవు, లారీల రొద రాత్రంతా ఉంటుంది. రోడ్డు వైపు కిటికీ లేని గది అడిగి తీసుకోవాలి. జీడిపప్పు కొనేవారు రైల్వేస్టేషను దగ్గర కాక బజారులోపలికి వెళితే మంచి రకం దొరుకుతుంది. ఇక్కడి నుంచి సోంపేట, ఇచ్ఛాపురం వైపు, టెక్కలి, పాతపట్నం వైపు రెండు దిక్కులకూ ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావచ్చు. ఇచ్ఛాపురంలో తెలుగు, ఒడియా ఒకే అంగడిలో వినిపిస్తాయి. అక్కడ చూడవలసిన కట్టడాలు తక్కువ, వినవలసిన మాటలు ఎక్కువ.

రెండింటిలో ఒక్కటే ఎంచుకోమంటే పాతపట్నం వైపే వెళ్లమంటాను. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే రైలుమార్గం పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు దారి. 1900లో పర్లాకిమిడి దాకా మొదలైన ఈ దారి ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. పాతపట్నం స్టేషను బోర్డు మీద తెలుగు పైన ఉంటుంది, తరువాతి పర్లాకిమిడి బోర్డు మీద ఆ స్థానంలో ఒడియా ఉంటుంది. లిపి మారినంత వేగంగా మాట మారదు. పర్లాకిమిడి బజారులో నా బేరమంతా తెలుగులోనే సాగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, పాతపట్నం ఇటు మిగిలింది. రెండు ఊళ్ల మధ్య దూరం మాత్రం కొద్ది కిలోమీటర్లే. ఈ దారిలో రైళ్లు తక్కువ కాబట్టి, వెళ్లేటప్పుడు రైలు, తిరుగు ప్రయాణానికి బస్సు అనుకుంటే రోజు వృథా కాదు.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడుగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం గాని, ఆయన సవరలకు చేసిన పనిని ఆ రోజు తలిచేవారు తక్కువ. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వాచకాలు తయారుచేసి, 1931లో సవర వ్యాకరణం వెలువరించారు. సవర ముండా శాఖకు చెందినది, తెలుగుకు చుట్టం కాదు. దాని దూరపు బంధువులు కంబోడియా, వియత్నాం దేశాల్లో ఉన్నాయి. రైలు పెట్టెలో పక్కన కూర్చున్న ఇద్దరు సవర ముసలివాళ్ల మాటల్లో ఒక్కటీ నాకు అందకపోవడం అందుకే.

సవర ఊళ్లను దగ్గరగా చూడాలంటే పాలకొండ మీదుగా సీతంపేట వెళ్లాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సంత ఏ రోజో ముందే కనుక్కుని ఆ రోజు వెళ్లడం మంచిది. మిగతా రోజుల్లో బస్సు దిగినవారికి అధికారుల కార్యాలయాలు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. బస పాలకొండలో చూసుకోవచ్చు. అనుమతి అడగకుండా ఫొటోలు తీసే పట్నంవాళ్లను సంతలో చూశాను. గూడల్లో మనకు దక్కే ఆదరం తగ్గడానికి అటువంటివారే కారణం.

విజయనగరం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వసతులు శ్రీకాకుళం కంటే మెరుగు, కోట ఊరి నడుమనే ఉంది, పల్లెల నోట ఇజీనారం అన్న పేరు ఇంకా బతికే ఉంది. బొబ్బిలి పేరుకు సంబంధించిన సంప్రదాయం మాత్రం ఆసక్తికరం: చికాకోల్ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని షేర్‌ను, అంటే పులిని, తలచుకుని పెద్దపులి అని పెట్టగా అది బెబ్బులి, బొబ్బిలి అయిందంటారు. శ్రీకాకుళంలో 1641 నాటి జామియా మసీదు కట్టించింది కూడా ఆయనే. సాలూరు కొండల వైపు కొండదొరలు, జాతాపులు అనే గిరిజనుల ఊళ్లు చూడదలచినవారు విజయనగరంలో కాక బొబ్బిలిలో దిగితే దారి తగ్గుతుంది. వారి కొండ, కువి భాషలు సవరలా పరాయివి కావు, తెలుగున్న ద్రావిడ శాఖలోనివే. బొబ్బిలిలో లాడ్జీలు తక్కువ, పెళ్లిళ్ల రోజుల్లో అవీ నిండిపోతాయి గనుక ముందే ఫోను చేసి గది ఖాయం చేసుకుని బయలుదేరాలి.