కూకట్‌పల్లి ఫ్లాట్‌లో షవర్ పగలగొట్టి మళ్ళీ కట్టించాం: ఏడాదిన్నర వాడాక రివ్యూ

ముందే చెప్తున్నా, పొడవుగా ఉంటుంది. ఒకే లీకేజీకి రెండుసార్లు డబ్బులు కట్టినదాన్ని, ఆ మాత్రం రాసుకునే హక్కు నాకుంది. రెండోసారి చేసిన మేస్త్రీ గారి పనికి 5కి 4 ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో కింద ఉంది.

మాది పద్నాలుగేళ్ళ నాటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మా బెడ్‌రూమ్ బాత్‌రూమ్‌లో షవర్ ఉన్న మూలకి సరిగ్గా కింద, రెండో అంతస్తు ఆంటీ వాళ్ళ సీలింగ్ మీద ముందు పసుపు మరక వచ్చింది. తర్వాత పెయింటు పొంగి పెచ్చులు రాలడం మొదలైంది, ఆవిడ లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంటే నేను మెట్లెక్కి వెళ్ళడం కూడా అప్పుడే మొదలైంది. పాపం ఆవిడ గట్టిగా ఎప్పుడూ అనలేదు. "ఏమ్మా, నిన్న నువ్వు తలస్నానం చేశావా?" అని అడిగేది, అంతే. అంత కచ్చితంగా కారేది మరి.

ఆ ప్రశ్నలోనే సగం జవాబు ఉందని నాకు తర్వాత తెలిసింది. మనం వాడినా వాడకపోయినా చుక్క ఆగకుండా పడుతుంటే నీళ్ళొచ్చే పైపులో ఎక్కడో లీకు ఉన్నట్టు. స్నానం చేసిన కాసేపటికి మాత్రమే పడుతుంటే ఫ్లోరో, నహానీ ట్రాపో (ఫ్లోర్ మీది నీళ్ళు కిందికి దిగే జాలీ దగ్గరది), బయటికెళ్ళే పైపో. రెండు మూడు రోజులు ఆ బాత్‌రూమ్ తాళం వేసి, కింద వాళ్ళని చూడమంటే చాలు, ఎవరికీ విజిటింగ్ ఛార్జీ ఇవ్వక్కర్లేదు.

మొదటిసారి పిలిచింది "పగలగొట్టకుండా లీకేజీ ఆపుతాం" అని ప్రకటన ఇచ్చిన ఒక కంపెనీని. పేరు వద్దులెండి. టైల్స్ మధ్య పాత ఫిల్లింగ్ గీకేసి ఎపాక్సీ (సిమెంటు బదులు వాడే, నీళ్ళు పీల్చని ఫిల్లింగ్) నింపారు, ట్రాప్ చుట్టూ ఏదో పూశారు, ఒక్క రోజులో పని అయిపోయింది, 18,000 తీసుకున్నారు. ఏడు నెలలు బాగానే ఉంది. ఎనిమిదో నెలలో ఆంటీ మళ్ళీ "తలస్నానమా?" అన్నారు. ఆ పద్ధతి పూర్తిగా మోసం అనను, టైల్స్ మధ్య గీతల్లోంచి మాత్రమే నీళ్ళు దిగుతుంటే పనిచేస్తుందేమో. మా సమస్య అది కాదు, అది చూడకుండానే చేశారు, ఫోన్ చేస్తే వారంటీలో "స్ట్రక్చరల్ డ్యామేజీ రాదు" అన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఇప్పటికీ తెలీదు.

అప్పుడు మా ఆఫీసులో ఒకాయన చెప్తే ఈ మేస్త్రీ గారిని పిలిచాం. పాలమూరు ఆయన, యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే నేను ఫోన్‌లో దాచుకున్న టైల్ డిజైన్లు చూపించబోతే, "టైలు సోకుకే అమ్మా, నీళ్ళాపేది కింద కోటింగు. ముందు అది మాట్లాడుదాం" అన్నాడు. అప్పటిదాకా నేను టైల్స్ వేస్తే నీళ్ళు దిగవనే అనుకున్నా. టైల్ దిగనివ్వకపోవచ్చు, కానీ టైల్స్ మధ్య సిమెంటు ఫిల్లింగ్ నీళ్ళు పీలుస్తుంది. రోజూ కొంచెం కొంచెం లోపలికి పోతూనే ఉంటుంది, దాన్ని ఆపాల్సింది కింద పొర.

2024 మార్చిలో పగలగొట్టారు. మన అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ స్లాబు అడుగో ఎంతో కిందికి దించి కడతారు కదా, సంకెన్ అంటారు, ఆ గుంతలో పైపులేసి ఇటుక ముక్కలతో నింపుతారు. మా గుంతలోంచి తీసిన ఇటుక ముక్కలు చేత్తో నొక్కితే ముద్దవుతున్నాయి. ఆ వాసన చెప్పలేను, మూతపెట్టి మరిచిపోయిన చెరువు లాంటిది మా బెడ్‌రూమ్ పక్కనే అన్నేళ్ళు ఉంది. పైన ఎపాక్సీ నింపితే ఇది ఎలా ఆరుతుంది? అడుగున కోటింగ్ అనేదే లేదు. బిల్డర్ సిమెంటులో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి సరిపెట్టి ఉంటాడన్నాడు మేస్త్రీ. ఆ మందు అంటే డాక్టర్ ఫిక్సిట్ ఎల్‌డబ్ల్యూ ప్లస్ లాంటివి, 50 కిలోల బస్తాకి 200 మిల్లీలీటర్లు కలుపుతారు. అది సిమెంటుని గట్టిపరిచే మందే, కాదనను, కానీ కోటింగ్‌కి బదులు కాదు. "మందు కలుపుతా మేడం, చుక్క దిగదు" అని ఎవరైనా అంటే, కోటింగ్ ఏది వేస్తావు, ఎన్ని కోట్లు అని అడగండి.

ఈయన వేసింది పొడి, ద్రవం రెండూ కలిపే రకం కోటింగ్. ముందు గుంత మూలలన్నీ సిమెంటుతో గుండ్రంగా తిప్పాడు, తొంభై డిగ్రీల మూలలోనే కోటింగ్ చీలుతుందట. మూలల్లో, పైపుల చుట్టూ ఫైబర్ జాలీ అతికించి పైన పూశాడు. మొదటి కోటు అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. షవర్ గోడలకి ఏడడుగుల ఎత్తు దాకా, మిగతా గోడలకి అడుగు. గుంతలో ఒకసారి, నింపి పైన చదును చేశాక టైల్స్ కింద ఇంకోసారి. రెండోసారి దండగ కదా అంటే, అది ఉంటే నీళ్ళు గుంతలోకే దిగవన్నాడు.

ఇంతకీ ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం తర్వాత జరిగింది. కోటింగ్ మూడు రోజులు ఆరాక ట్రాప్‌కి పాలిథిన్, గుడ్డ కుక్కి, గుంతలో నీళ్ళు నింపి, నీటి అంచున గోడ మీద మార్కర్‌తో గీత గీశాడు. "రెండు రోజులు నిలవెట్టాలె మేడం, గప్పుడు తెలుస్తది." ఎండకి రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గితే పర్లేదట. నేను రాత్రి పదకొండింటికి టార్చి వేసుకుని చూస్తే నీళ్ళు గీతకి వేలి మందం కింద ఉన్నాయి. టెన్షన్‌తో ఫోన్ చేశా. ఇంకొకరైతే "రేపు చూద్దాం, ఆవిరైంది" అనేవారు. ఆయన పొద్దున్న ఏడింటికి వచ్చి, నీళ్ళు తోడి, ట్రాప్ చుట్టూ పూసినదంతా గీకేశాడు. పీవీసీ పైపు నున్నగా ఉంటే కోటింగ్ దానికి పట్టదని, గరుకు కాగితంతో రుద్దడం కుర్రాడు మర్చిపోయాడని ఒప్పుకున్నాడు. మళ్ళీ పూసి, మళ్ళీ మూడు రోజులు ఆరబెట్టి, మళ్ళీ నీళ్ళు. ఈసారి 48 గంటల తర్వాత నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. కింద ఆంటీ స్టూలెక్కి సీలింగ్‌కి టిష్యూ అద్ది నాకు ఫోటో పంపారు. పొడి టిష్యూ ఫోటోకి నేను అంత ఆనందపడతానని ఎప్పుడూ అనుకోలేదు. దానికి అదనంగా పైసా అడగలేదు ఆయన.

టైల్స్ దగ్గర కొంచెం గొడవ పడ్డాం. గోడల టైల్స్ 2×4 అడుగులవి, ఫ్లోర్‌కీ అవే కావాలన్నా నేను, ఫోటోల్లో ఎంత బావుంటాయో. ఆయన ఒప్పుకోలేదు. నీళ్ళు ఒకే ట్రాప్‌కి చేరాలంటే నాలుగు వైపుల నుంచీ వాటం ఇవ్వాలి, అడుగుకి పావు అంగుళం, పెద్ద టైల్ అలా వంగదు కదా. చివరికి ఫ్లోర్‌కి 1×1 అడుగు టైల్స్, గరుకువి, తీసుకున్నాం. ఇప్పుడు స్నానం చేసిన ఐదు నిమిషాలకి నీళ్ళు ఎక్కడా నిలవవు, మా అత్తయ్య గోడ పట్టుకోకుండా నడుస్తున్నారు.

టైల్స్ వేసింది సిమెంటు పాలతో కాదు, అడ్హెసివ్‌తో, అంటే టైల్స్ అంటించే జిగురుతో. విట్రిఫైడ్ టైల్ నీటిని అర శాతం కూడా పీల్చదు, అందుకే ఉత్త సిమెంటు దాన్ని సరిగా పట్టుకోదు. బస్తా మీద ఐఎస్ 15477 అని ఉందో లేదో చూసుకోండి, టైల్ అడ్హెసివ్‌లకి మన దేశ ప్రమాణం అదే. టైల్స్ వేసే రాజస్థాన్ అబ్బాయి పళ్ళ తాపీతో గీసి, ఒక టైల్ అంటించి, వెంటనే పీకి వెనక చూపించాడు, అంతటా పట్టిందా లేదా అని. అయిపోయాక నేను రూపాయి బిళ్ళతో ప్రతి టైల్ కొట్టి చూశా. ఒకటి డొల్లగా మోగితే మార్చాడు.

ఇప్పుడు ఫిర్యాదులు. పదిహేను రోజులన్నారు, నెల దాటింది. ఆ అబ్బాయి హోలీకి ఊరెళ్ళి ఏప్రిల్‌లో వచ్చాడు. ఆ ఆలస్యం వల్ల ఎండలు ముదిరాక ఎపాక్సీ ఫిల్లింగ్ చేయాల్సి వచ్చింది. అది మూడు భాగాలు కలిపే సరుకు, కలిపాక మహా అయితే ముప్పావు గంట, ఎండలో ఇంకా తక్కువ. కుర్రాళ్ళు ఒకేసారి ఎక్కువ కలిపేశారు, తుడిచేలోపే గట్టిపడింది. బూడిదరంగు గోడ మీద పొద్దుటి వెలుగులో ఆ మసక పొర ఇప్పటికీ కనిపిస్తుంది, ఎంత రుద్దినా పోలేదు. ఎపాక్సీ మాత్రం డబ్బులకి న్యాయం చేసింది. మా బోరు నీళ్ళకి తెల్ల ఉప్పు పట్టినా ఫిల్లింగ్ నల్లబడలేదు, రాలలేదు. పాత సిమెంటు ఫిల్లింగ్‌ని మేమే యాసిడ్ పోసి పోసి పాడుచేశాం, అది వేరే కథ. గోడ ఫ్లోర్ కలిసే చోట ఎపాక్సీ బదులు సిలికాన్ పెడితే కక్కుర్తి అనుకున్నా. అక్కడ కాస్త సాగే సరుకే ఉండాలట, అదీ నిజమే.

తగ్గించిన ఆ ఒక్క మార్కు షాంపూలు పెట్టే గూడుది. దాని అడుగు టైల్ బయటికి వాలాలి. మాది లోపలికి వాలింది. రోజూ సబ్బు కింద నీళ్ళు నిలిచి, సబ్బు జావవుతుంది. లోపల కోటింగ్ ఉంది కాబట్టి లీకు భయం లేదు, చిరాకు మాత్రమే. కానీ నెల రోజులు పని చేసి, రెండుసార్లు నీళ్ళు నిలబెట్టి చూసిన మనిషి ఇంత చిన్న గూడులో వాటం ఎలా మరిచాడో!

ఖర్చు మొత్తం 1,42,000 అయింది, షవర్ ఫిట్టింగులు కాకుండా. తక్కువేమీ కాదు. ఆంటీ వాళ్ళ సీలింగ్‌కి పుట్టీ, పెయింటు కూడా మేమే వేయించాం, అది ఇందులో కలపలేదు. రెండు వానాకాలాలు గడిచాయి, రోజూ నలుగురం స్నానాలు చేస్తున్నాం, ఆ పెయింటు మీద మచ్చ లేదు. ఇప్పుడు లిఫ్ట్‌లోనే వెళ్తున్నా.

గూడు సరిచేస్తానని మొన్న ఉగాదికి మాటిచ్చాడు మేస్త్రీ గారు. "వస్తున్న మేడం, గీ వారమే" అంటున్నాడు, ప్రతి వారం. వచ్చి చేసిన రోజు ఇక్కడే రాసి, ఐదో స్టారు కూడా ఇచ్చేస్తా.