అరుదైన హెబ్రీ మాటలకు బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్ నిఘంటువు: ఏళ్ల వాడకం తర్వాత

పాత నిబంధన పాఠం సిద్ధం చేసుకోవడానికి 1906 నాటి ఈ హెబ్రీ-ఇంగ్లిష్ నిఘంటువును ఏళ్లుగా వాడుతున్నాను. ఇందులో నాకు బాగా నచ్చింది మాట ముందుండే చిన్న బాకు గుర్తు (†). అది కనిపిస్తే పాత నిబంధనలో ఆ మాట వచ్చిన చోట్లన్నీ అక్కడే ఇచ్చేశారన్నమాట. అరబ్బీ, సిరియాక్ భాషల్లోని చుట్టపు మాటలూ పక్కనే ఉంటాయి. అర్థం తేలనిచోట సందేహమేనని ఒప్పుకుంటారు. ఆ నిజాయితీకి నాకెంతో గౌరవం.

కొత్తవాళ్లకు మాత్రం మొదట్లో తలనొప్పే. మాటలు అక్షర క్రమంలో కాక ధాతువుల, అంటే మూల పదాల, వరుసలో ఉంటాయి. బలిపీఠం అనే అర్థమున్న ‘మిజ్బేయహ్’ వివరం కావాలంటే బలి ఇవ్వడం అనే అర్థమున్న ‘జాబహ్’ ధాతువు కిందికి వెళ్లాలి. స్ట్రాంగ్ నంబర్లు (బైబిలులోని ఒక్కో హెబ్రీ మాటకు ఇచ్చిన వరుస సంఖ్యలు) వేసిన ప్రతి కొనుక్కుంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

అసలు లోటు 1 సమూయేలు 13:21 దగ్గర తెలుస్తుంది. అక్కడున్న ‘పీమ్’ బైబిలులో ఇంకెక్కడా రాదు. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి లేడు, పనిముట్లకు పదును పెట్టించుకోవాలంటే శత్రువులైన ఫిలిష్తీయుల దగ్గరికే పోవాలి అని పై వచనాలు చెబుతాయి. ఈ వచనానికి వచ్చేసరికి 1611 నాటి ఇంగ్లిష్ బైబిలు ఆకురాయి అంది, మన పాత తెలుగు బైబిలులోనూ ఆకురాళ్లే. ఆకురాళ్లు చేతిలో ఉంటే శత్రువు గడప తొక్కడం దేనికి?

చిక్కు విప్పినవి తవ్వకాల్లో దొరికిన తూనికరాళ్లు. చిన్న రాయి, దాని మీద పాత హెబ్రీ లిపిలో ‘పీమ్’ అని మూడు అక్షరాలు. బరువు సుమారు 7.8 గ్రాములు, అంటే షెకెలు అనే పాత హెబ్రీ తూనికలో మూడింట రెండు వంతులు. రాళ్లు ఈ వచనంలోని రాజు సౌలు కాలం తర్వాతివే అయినా లెక్క సరిపోతుంది. నాణేలు లేని రోజుల్లో వెండి తూచి ఇచ్చేవారు కదా! కాబట్టి పీమ్ అంటే పదును పెట్టినందుకు ఫిలిష్తీయులు పుచ్చుకున్న కూలి. అప్పుడు వచనంలో పేద రైతు మీద పడ్డ భారం కనిపిస్తుంది.

ఈ సంగతి నిఘంటువు వచ్చాక తేలింది, అందుకే ఇందులో దొరకదు. సిరియాలోని పాత నగరం ఉగారిత్‌లో దొరికిన మట్టి పలకలు, మృత సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత గ్రంథపు చుట్టలు కూడా దీని తర్వాత బయటపడినవే. అందుకని ఒక్కసారే వచ్చే మాటైతే దీని తర్వాత వచ్చిన కోలర్-బామ్‌గార్ట్‌నర్ హెబ్రీ నిఘంటువు కూడా తప్పక చూస్తాను. అది ఖరీదు ఎక్కువ. కాలేజీ లైబ్రరీలో చూసుకోవడం మేలు. బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్‌కు కాపీరైటు తీరిపోయింది, ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ముందు దానితో మొదలుపెట్టండి.