ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్‌కి ఏ క్యాలిక్యులేటర్ కొనాలి? పన్నెండంకెల డెస్క్‌టాప్, బీఏ టూ ప్లస్, హెచ్‌పీ 12సీ

ముందే తేల్చి చెప్పేస్తాం. సీఏ ఇంటర్‌కో, బీకాం, బీబీఏ, ఎంబీఏ సెమిస్టర్లకో చదివేవాళ్ళకి కొన్ని వందల రూపాయల్లో దొరికే మామూలు పన్నెండంకెల డెస్క్‌టాప్ క్యాలిక్యులేటరే సరైనది. వేలు పోసి ఫైనాన్షియల్ క్యాలిక్యులేటర్ కొనడం సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) రాసేవాళ్ళకి తప్ప దండగ. ఖరీదైన వస్తువు బాగోదని కాదు, మన పరీక్షలు అడిగేది వేరు. ఇక్కడ జవాబుకి ఎన్ని మార్కులో దారికీ అన్ని ఉంటాయి. డిస్కౌంట్ ఫ్యాక్టర్ (ముందుముందు వచ్చే రూపాయికి ఇవాళ్టి విలువ) వేసి, ప్రతి ఏడాది రాబడికీ ప్రెజెంట్ వాల్యూ, అంటే ఇవాళ్టి విలువ చూపించి, కింద టోటల్ కొట్టాలి. ఐఆర్ఆర్ (రాబడుల ఇవాళ్టి విలువ పెట్టుబడికి సరిగ్గా సమానమయ్యే రేటు) 16.11 శాతం అని ఒక్క లైను రాసి ఊరుకుంటే స్టెప్ మార్కులు పోతాయి.

సీఏ ఇంటర్ వాళ్ళకైతే ఎంచుకునే అవకాశం కూడా పెద్దగా లేదు. 2024 మే పరీక్షల నుంచి అమల్లోకి వచ్చిన కొత్త స్కీములో ఆరో పేపర్ సగం ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, సగం స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్, చెరి 50 మార్కులు. పరీక్ష హాల్లోకి అనుమతించే క్యాలిక్యులేటర్ బ్యాటరీతో నడవాలి, చప్పుడు చేయకూడదు. ఆరు ఫంక్షన్లు, పన్నెండంకెలు, రెండు మెమరీలు దాటకూడదు. సైంటిఫిక్‌దీ, ప్రోగ్రామ్ చేసుకునేదీ కుదరదు. యూనివర్సిటీల్లో ఒక్కోచోట ఒక్కో రూలు కాబట్టి కొనేముందు హాల్ టికెట్ వెనక ఉన్న సూచనలు చదవండి.

ఈ తరగతిలో మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి క్యాసియో ఎంజే-120డి వరస, సిటిజన్ సీటీ-512 వరస. ఏది కొన్నా నాలుగు చూసుకోవాలి: పన్నెండంకెల డిస్‌ప్లే, రూట్ బటన్, వచ్చిన జవాబులన్నిటినీ కూడి చూపించే జీటీ (గ్రాండ్ టోటల్) బటన్, అంకెని దాచుకునే ఎం ప్లస్ మెమరీ. జీఎస్టీ బటన్లున్న మోడళ్ళు అకౌంట్స్ ఆఫీసుకి పనికొస్తాయి, ఈ పేపర్‌లో వాటితో పనిలేదు. ఎంయూ (లాభం కలిపి అమ్మకం ధర కట్టే మార్కప్) బటన్ జోలికీ పోనక్కర్లేదు. చెక్ అండ్ కరెక్ట్ మాత్రం నిజంగా విలువైనది. కొట్టిన అంకెల్ని వరసగా వెనక్కి చూసుకుని, తప్పు పడ్డ చోట దిద్దుకోవచ్చు. రేషియో అనాలిసిస్‌లో బ్యాలెన్స్ షీట్ టాలీ కానప్పుడు మొత్తం మళ్ళీ కొట్టకుండా ఇది కాపాడుతుంది.

ఇక అసలు పని. డిస్కౌంట్ రేటు 12 శాతం అనుకోండి. ఒకటిని 1.12తో భాగించి ఈక్వల్ నొక్కితే 0.8929. ఈక్వల్‌నే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోతే 0.7972, 0.7118, 0.6355, 0.5674, అంటే అయిదేళ్ళ ఫ్యాక్టర్లు వరసగా వచ్చేస్తాయి. అయిదోదాని తర్వాత జీటీ నొక్కితే 3.6048, అదే అయిదేళ్ళ యాన్యుటీ ఫ్యాక్టర్, అంటే ఏటా ఒక్కో రూపాయి చొప్పున వచ్చేదానికి ఇవాళ్టి మొత్తం విలువ. టేబుల్ వెతుక్కోనక్కర్లేదు, ప్రశ్నలో 13.5 శాతం అని వింత రేటు ఇచ్చినా భయం లేదు. కొన్ని మోడళ్ళలో ఈక్వల్ ఇలా తిరగబడదు. వాటిలో 1.12 కొట్టి, భాగహారం రెండుసార్లు నొక్కి, తర్వాత 1 కొట్టి ఈక్వల్ నొక్కుతూ పోవాలి. మీ మోడల్‌కి ఏది పనిచేస్తుందో కొన్న రోజే తేల్చుకోండి, పరీక్ష ముందు రోజు కాదు.

జీటీతో ఎక్కువమంది దెబ్బతినేది ఒక్కచోటే. అది ఈక్వల్ నొక్కిన ప్రతిసారీ వచ్చిన జవాబుని లోపల కూడేసుకుంటుంది. పాత లెక్క మొత్తం తుడవకుండా కొత్తది మొదలుపెడితే అదీ ఇదీ కలిసిపోతాయి. కొన్నిటిలో ఏసీ ఒక్కసారి నొక్కితే జీటీ పోదు. స్క్రీన్ మీద జీటీ గుర్తు ఆరిందో లేదో చూసి గానీ మొదలుపెట్టొద్దు.

ఫ్యాక్టర్లు అక్కర్లేకుండా ఎన్‌పీవీ (రాబడుల ఇవాళ్టి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది) సరిచూసుకునే పద్ధతి ఇంకోటుంది. డెస్క్‌టాప్ క్యాలిక్యులేటర్‌ని మెచ్చుకోవాల్సింది ముఖ్యంగా దీనికే. యంత్రం ధర 4,00,000, అయిదేళ్ళలో రాబడి వరసగా 1,00,000, 1,20,000, 1,40,000, 1,60,000, 1,00,000 అనుకుందాం. చివరి ఏడాది నుంచి వెనక్కి రండి. 1,00,000 కొట్టి 1.12తో భాగించండి, నాలుగో ఏడాది 1,60,000 కూడండి, మళ్ళీ 1.12తో భాగించండి, 1,40,000 కూడండి, భాగించండి, 1,20,000 కూడండి, భాగించండి, మొదటి ఏడాది లక్ష కూడండి, చివరిసారి భాగించి ఈక్వల్. వచ్చేది 4,43,023.79. అందులోంచి నాలుగు లక్షలు తీసేస్తే ఎన్‌పీవీ 43,023.79. మధ్యలో ఏదీ కాగితం మీదికి ఎక్కించే పనిలేదు. నాలుగు దశాంశాల ఫ్యాక్టర్లతో విడివిడిగా చేస్తే 43,026 వస్తుంది, మూడు దశాంశాల టేబుల్‌తో 43,080. ఈ తేడాలకి మార్కులు పోవు గానీ, జవాబు పత్రంలో ఒక ప్రశ్నకి మూడు దశాంశాలు, ఇంకో ప్రశ్నకి నాలుగు దశాంశాలు వాడితే దిద్దేవాళ్ళకి విసుగు.

ఈ వెనక నుంచి వచ్చే పద్ధతి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో అలాగే కొడితే తప్పు జవాబొస్తుంది. అది భాగహారాన్ని ముందు చేసి కూడికను తర్వాత చేస్తుంది. డెస్క్‌టాప్‌కి ఆ తెలివి లేదు, కొట్టిన వరసలోనే చేసుకుంటూ పోతుంది. ఇక్కడ మనకి కావలసిందీ అదే.

ఐఆర్ఆర్‌కి కూడా ఇదే వాడండి. 16 శాతంతో చేస్తే ఎన్‌పీవీ 1,056.40, 17తో చేస్తే మైనస్ 8,461.29. ఇంటర్‌పొలేషన్ చేస్తే, అంటే ఎన్‌పీవీ సున్నా అయ్యే చోటుని ఆ రెండు రేట్ల మధ్య దామాషాలో పట్టుకుంటే 16.11 శాతం. కొందరు ఓపిక లేక 12 శాతానికీ 20 శాతానికీ మధ్య గీత గీసేస్తారు, అప్పుడు 16.41 వస్తుంది. ఎన్‌పీవీ రేటుతో పాటు సూటిగా పడదు, వంపు తిరుగుతుంది. రెండు రేట్ల మధ్య దూరం పెరిగిన కొద్దీ జవాబు నిజం కంటే పైకి జరుగుతుంది. ఒక్కో రేటుకి అర నిమిషం పట్టే పద్ధతి చేతిలో ఉన్నప్పుడు దగ్గరి రేట్లకి రాకపోవడం బద్ధకమే.

పన్నెండంకెలే ఎందుకంటే, దానికి జవాబు కాస్ట్ ఆఫ్ కేపిటల్ (పెట్టుబడి తెచ్చుకోవడానికయ్యే ఖర్చు) అధ్యాయంలో ఉంది. డివిడెండ్ అయిదేళ్ళలో 2 రూపాయల నుంచి 2.94కి పెరిగితే వృద్ధి రేటెంత? 1.47కి అయిదో మూలం కావాలి, ఉన్నది వర్గమూలం బటనొక్కటే. 1.47 కొట్టి రూట్ పన్నెండుసార్లు నొక్కండి. 1.000094 దరిదాపుల్లో ఆగుతుంది. ఒకటి తీసేయండి, అయిదుతో భాగించండి, ఒకటి కలపండి. తర్వాత గుణకారం, ఈక్వల్ జంటగా పన్నెండుసార్లు. వచ్చేది 1.0801, అంటే ఏటా 8.01 శాతం. ఎనిమిదంకెల క్యాలిక్యులేటర్‌లో ఈ సున్నాల వెనక మిగిలేది రెండు మూడు అంకెలే, వాటిని అయిదుతో భాగించి 4,096వ ఘాతానికి తీసుకెళితే చిన్న కోత కూడా పెద్దదవుతుంది. ఇక్కడ పొరపాటంతా లెక్క తప్పడంలోనే. చివర్లో ఆ జంటని పదకొండుసార్లే నొక్కి ఆపితే 1.0393 వచ్చి, చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది. జవాబుని అయిదుసార్లు గుణించి 1.47 వస్తుందో లేదో చూడటం పది సెకన్ల పని.

డెస్క్‌టాప్‌కున్న లోపాలు రెండు. పైన ఉండే జరిపే స్విచ్ మొదటిది. దశాంశాలు సున్నా, రెండు, నాలుగు, ఎఫ్, ఏ అని ఉంటుంది. బ్యాగులో రాపిడికి అది జరిగిపోతుంది. రెండు మీదుంటే 0.8929 కాస్తా 0.89 అయిపోతుంది. ఏ మీదికి జరిగితే ఇంకా ఘోరం, కూడికల్లో చివరి రెండంకెల ముందు దానంతటదే చుక్క పెట్టేస్తుంది, 5,00,000 కొడితే 5,000.00 అవుతుంది. ఎప్పుడూ దశాంశాల్ని కోయకుండా చూపించే ఎఫ్ మీదే ఉంచి, దశాంశాల సవరణ రాసేటప్పుడు చేతితో చేసుకోవాలి. రెండోది కామాలు. చాలా మోడళ్ళు 443,023 అని మూడంకెలకోసారి విడదీస్తాయి. హడావుడిలో చూసింది చూసినట్టు ఎక్కించి, పక్కనే లక్షల కామాలతో ఇంకో అంకె రాస్తే పేజీ గందరగోళం.

ఇప్పుడు ఖరీదైనవాటి సంగతి. సీఎఫ్ఏ పరీక్షలో అనుమతి రెండిటికే: టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీఏ టూ ప్లస్, హెచ్‌పీ 12సీ, వాటి రకాలతో సహా. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు బీఏ టూ ప్లస్ కొనుక్కోండి. సీఎఫ్ బటన్ నొక్కి, పాతవి తుడిచి, 4,00,000కి ప్లస్ మైనస్ బటన్‌తో మైనస్ పెట్టి ఎంటర్ చేసి, కింది బాణంతో ఒక్కో రాబడీ ఎక్కించి, ఎన్‌పీవీ దగ్గర 12 ఇచ్చి లెక్కించమంటే 43,023.79 వచ్చేస్తుంది. ఐఆర్ఆర్, తర్వాత లెక్కించమనే సీపీటీ బటన్ నొక్కితే 16.11. వాయిదాల లెక్కలు, బాండ్లు దీనికి మంచినీళ్ళ ప్రాయం. పేబ్యాక్ (పెట్టుబడి తిరిగొచ్చే కాలం), ఎంఐఆర్ఆర్ (సవరించిన ఐఆర్ఆర్) కూడా నేరుగా కావాలంటే ప్రొఫెషనల్ మోడల్‌లో ఉన్నాయి. ఆ తేడాకి అంత డబ్బు పెట్టాలా అంటే, అక్కర్లేదు.

పెట్టెలోంచి తీయగానే మూడు సెట్టింగులు చూడాలి. దశాంశాలు రెండే చూపిస్తుంది, ఫార్మాట్‌లోకి వెళ్ళి నాలుగు చేయండి. ఏడాదికి వాయిదాలెన్ని అని అడిగే పీ/వై ఒకటి ఉండాలి. ఏటా 1,000 చొప్పున అయిదేళ్ళు, 12 శాతం అంటే ప్రెజెంట్ వాల్యూ 3,604.78. పీ/వై 12 మీదుంటే అది నెలకి ఒక శాతంగా తీసుకుని 4,853.43 చూపిస్తుంది. టీవీఎం (వాయిదాల లెక్కకి ఎక్కించిన అంకెలు) తుడిచినా ఈ సెట్టింగు పోదు, అందుకే ఒకసారి చిక్కుకున్నవాళ్ళు సాయంత్రం దాకా తప్పెక్కడుందో తెలియక తల పట్టుకుంటారు. మూడోది బీజీఎన్. స్క్రీన్ మీద ఆ మూడక్షరాలు కనిపిస్తే వాయిదాలు ఏడాది మొదట్లో కట్టినట్టు లెక్కేస్తోందని అర్థం. ఎర్రర్ 5 వస్తే మిషన్ పాడైందనుకోకండి, పెట్టిన డబ్బుకీ వచ్చిన డబ్బుకీ ఒకే గుర్తు ఇచ్చారంతే.

హెచ్‌పీ 12సీ 1981 నుంచి వస్తోంది, నలభై ఏళ్ళు దాటినా దానికి భక్తులున్నారు. ఈక్వల్ బటనే ఉండదు. ముందు అంకెలు ఎక్కించి తర్వాత గుర్తు నొక్కాలి. అలవాటైతే వేళ్ళు పరుగెడతాయి, అలవాటు కావడానికి మాత్రం వారాలు పడుతుంది. ఇప్పుడే ఫైనాన్స్ మొదలుపెట్టినవాళ్ళు ఒకేసారి రెండు కొత్త భాషలు నేర్చుకోవడం దేనికి? వదిలేయండి.

ఎక్సెల్ ఉండగా ఇవన్నీ ఎందుకనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఎన్‌పీవీ ఫార్ములాలో మొదటి పెట్టుబడిని కూడా కలిపి సెలెక్ట్ చేస్తే, దాన్నీ ఏడాది చివరి మొత్తంగా తీసుకుంటుంది. పై ఉదాహరణలో 43,023.79కి బదులు 38,414.10 వస్తుంది. రాబడుల్ని మాత్రమే ఫార్ములాలో ఇచ్చి, పెట్టుబడిని బయట తీసేయాలి.

కొనేచోట జాగ్రత్త. కోఠీలో గానీ, విజయవాడ బీసెంట్ రోడ్డులో గానీ, ఆన్‌లైన్లో గానీ, పేరున్న బ్రాండు పేరులో ఒక అక్షరం మార్చిన నకళ్ళు సగం ధరకి దొరుకుతాయి. కౌంటర్ మీదే ఒకటిని 1.1తో భాగించి (ఈక్వల్ తిరగబడని మోడలైతే 1.1 కొట్టి, భాగహారం రెండుసార్లు నొక్కి, 1 కొట్టి) ఈక్వల్ రెండుసార్లు నొక్కితే 0.8264, జీటీకి 1.7355 రావాలి. నాలుగు కొట్టి గుణకారం, ఈక్వల్ నొక్కితే పదహారు రావాలి. తర్వాత ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక వేలు లేవకముందే ఇంకో వేలు పడేలా వేగంగా కొట్టి చూడండి. ఒక్క అంకె ఎగిరినా పక్కన పెట్టండి, మూడు గంటల పేపర్‌లో అది ఎన్నిసార్లు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. సోలార్ అని రాసుంటే పలకని బొటనవేలితో మూసి, డిస్‌ప్లే మసకబారుతుందా అని చూడండి. బొత్తిగా ఆరిపోతే లోపల బ్యాటరీ లేదనో అయిపోయిందనో లెక్క, ఏ మాత్రం మార్పు లేకపోతే ఆ పలక వట్టి అలంకారమై ఉండొచ్చు. బీఏ టూ ప్లస్‌కి సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ ఒకటి కావాలి, వాచీల కొట్లో దొరుకుతుంది. పరీక్షకి ఇంకోటి జేబులో ఉంచుకోండి, మార్చాక దశాంశాలు, పీ/వై మళ్ళీ సరిచూసుకోండి.