కొండను తవ్వడమా, కొండపై నీరు నిలపడమా

విశాఖ మన్యం కొండలపై రెండు రకాల ప్రతిపాదనలు వచ్చాయి: అల్యూమినియం ముడిఖనిజమైన బాక్సైట్ తవ్వకం, పంప్డ్ స్టోరేజి జలవిద్యుత్తు.

బాక్సైట్ కొండ నెత్తిన పొరగా ఉండి, వానకాలంలో నీటిని పీల్చుకొని వేసవిలో ఊటలుగా వదులుతుంది. ఈ కొండల్లోనే పుట్టే శారదా నది రైవాడ జలాశయం ద్వారా విశాఖ నగరానికి తాగునీటినిస్తుంది గనుక, తవ్వకంతో ఆ ఊటలు పోతే కలిగే నష్టం గిరిజనులతోనే ఆగదు. తవ్విన చోట మొక్కలు నాటవచ్చు. ఆ పొరను మాత్రం తిరిగి పేర్చలేము. అరకు, చింతపల్లి ప్రాంతాల్లో చెట్ల నీడన కాఫీ, మిరియాలు పండించే కుటుంబాలకు ఆ తేమే ఆధారం. శుద్ధి కర్మాగారంలో మిగిలే తీవ్ర క్షారగుణం గల ఎర్రమట్టి వ్యర్థాల సమస్య దీనికి అదనం.

పంప్డ్ స్టోరేజిలో మిగులు సౌరవిద్యుత్తుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, సాయంత్రపు గిరాకీ వేళ కిందికి వదిలి విద్యుత్తు తీస్తారు. బొగ్గు వాడకం తగ్గించే ఈ ఏర్పాటు అవసరమైనదే. అయితే గెడ్డలకు, అంటే కొండవాగులకు, అడ్డుకట్టలు, సొరంగాలు, ముంపు తప్పవు.

హాని విస్తృతిలో తవ్వకమే ఘోరమైనది. షెడ్యూల్డు ప్రాంత భూములను ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదన్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు, ప్రజల పోరాటం దానిని నిలువరించాయి. బాక్సైట్ తవ్వకం కోసం 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవోను ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. జలాశయాలకు హరితశక్తి అన్న పేరుంది కనుక గ్రామసభ సమ్మతిని లాంఛనంగా ముగించే ప్రమాదం ఇక్కడే ఎక్కువని నా ఆందోళన.