కోర్ట్‌ల్యాండ్ 444 డబుల్ టేపర్ లైన్: కొన్నేళ్లు వాడాక

ఫ్లై ఫిషింగ్, అంటే ఈగలాంటి ఎర విసిరి చేపలు పట్టడం, మొదలుపెట్టేవాళ్లు డబ్బంతా రాడ్ మీద పోసి, మిగిలిన చిల్లరతో లైన్ కొంటారు. నా లెక్కన అది తలకిందుల బేరం. మన చెరువు గట్ల మీద వేసే గాలానికి బరువు సీసపు గుండులో ఉంటుంది, దారం దాని వెంట పోతుంది. ఇక్కడ కొక్కేనికి ఈకలు చుట్టి చేసిన ఈగకు బరువే ఉండదు. బరువంతా లైన్‌దే, గాలిలో దూసుకెళ్లేదీ అదే. లైన్‌కు నంబర్లు అందుకే పెట్టారు. 5వ నంబరంటే మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే దాదాపు 9 గ్రాములు తూగాలి. ఈమధ్య పెట్టె మీద 5 అని రాసి, ఆరో నంబరుకు దగ్గరగా బరువు పెట్టి అమ్మేవి చాలా వస్తున్నాయి. బిగువైన కొత్త రాడ్లకు అవి బాగానే ఉంటాయి. నాలాగా మెత్తని పాత రాడ్ వాడేవాళ్లు మాత్రం పెట్టె వెనక గ్రెయిన్లు ఎన్నో చదివి కొనాలి.

నేను వాడుతున్నది కోర్ట్‌ల్యాండ్ కంపెనీ పీచ్ రంగు 444, డీటీ5ఎఫ్: డబుల్ టేపర్, 5వ నంబరు, ఫ్లోటింగ్. రెండు కొసలూ సన్నబడి, నడుమ అంతా ఒకే లావుండే, నీటిపై తేలే లైన్. వాడుక ఎక్కువగా కొలరాడోలో, డెన్వర్‌కు నైరుతిన ఉన్న సౌత్ ప్లాట్ నదిలో: డెక్కర్స్ దగ్గర, దాని ఎగువన చీస్‌మన్ లోయలో. నీళ్లు అద్దంలా ఉంటాయి, ట్రౌట్‌కు బెదురు ఎక్కువ. ముప్పై నలభై అడుగుల లోపలే పని. ఆ దూరంలో డబుల్ టేపర్ చెప్పినట్టు వింటుంది. ప్రవాహం లైన్‌ను లాక్కుపోకుండా ఎగువకు తిప్పి వేయాలంటే మణికట్టు ఊపు చివరిదాకా అందాలి. నడుమ లావు ఎక్కడా తగ్గదు కాబట్టి అందుతుంది. వెనక చెట్లుండి రాడ్‌ను వెనక్కి విసిరే వీల్లేనప్పుడు నీటి మీది లైన్‌ను ముందుకే దొర్లించి వేసే రోల్ కాస్ట్ కూడా సాఫీగా పడుతుంది. అరవై అడుగులు దాటించాలన్నా, పెద్ద చెరువుల్లో గాలికి ఎదురు విసరాలన్నా ఈ ఆకారం పనికిరాదు. దానికి ముందు భాగంలో బరువు, వెనక సన్నని తీగ ఉండే వెయిట్ ఫార్వర్డ్ లైనే కొనండి. రంగు చూసి చేపలు బెదురుతాయనే వాదన నాకు ఎక్కలేదు. లైన్ చివర లీడర్, అంటే తొమ్మిది అడుగుల సన్నని పారదర్శక దారం, కట్టాక ఆ రంగు చేప దగ్గరకు పోయేదెక్కడ?

ఒక కొస అరిగితే విప్పి తిరగేసుకోవచ్చు, ఒక ధరకు రెండు లైన్లన్నమాట. నేనూ తిరగేశాను. ఏళ్ల తరబడి రీలు అడుగున చుట్టుకుని ఉన్న కొస స్ప్రింగులా ముడుచుకుని వచ్చింది. చెట్టుకు కట్టి, కొంచెం కొంచెంగా లాగి పట్టుకుంటే దారికొచ్చింది. ఇప్పటికీ చలికాలం పొద్దున ఒకసారి అలా సాగదీయకుండా మొదలుపెట్టను.

ఇక సంరక్షణ. 2002లో ఇక్కడ హేమన్ కార్చిచ్చు కొండలను కాల్చేశాక, పట్టు తప్పిన గ్రానైట్ ఇసుక నదిలోకి కొట్టుకొచ్చింది. గట్టున కాళ్ల దగ్గర వదిలిన లైన్‌కు ఆ ఇసుక, నాచు పడతాయి. ఇంటికొచ్చి తడి గుడ్డ మడతలోంచి లాగితే గుడ్డ మీద బూడిదరంగు చార దిగుతుంది. వేలికి గరుకు తగలనంత వరకు అలాగే లాగాలి. గోరువెచ్చని నీళ్లు, చుక్క మామూలు సబ్బు చాలు. బట్టలుతికే పొడి పైపూతలోని జారుడును తీసేస్తుంది. ఆరాక లైన్ డ్రెస్సింగ్, అంటే జారుడు కోసం అమ్మే పూత, పలచగా రాసి, మిగిలింది తుడిచేయాలి. జిడ్డు మిగిలితే ఇసుకను అదే పిలుస్తుంది.

నీళ్ల కంటే చేతులతోనే ఎక్కువ ముప్పు. డీట్ ఉన్న దోమల మందు పీవీసీ పూతను కరిగిస్తుంది, సన్‌స్క్రీన్ కూడా మంచిది కాదు. అరచేతులు తుడుచుకునే లైన్ ముట్టుకుంటాను. ఎండలో కారు డిక్కీలో రీలు వదలను, ఆ వేడికి పూతను మెత్తగా ఉంచే పదార్థం ఆవిరై పగుళ్లు వస్తాయి. పగులులోంచి నీరు లోపలి అల్లికలోకి దిగితే కొస మునగడం మొదలవుతుంది. అప్పుడు ఎంత డ్రెస్సింగ్ రాసినా దండగే. కొత్తది కొనే ముందు మాత్రం రాడ్ రింగుల్లో దూది తిప్పి చూడండి. పోగులు తట్టుకున్నాయంటే లైన్‌ను కోస్తున్నది ఆ రింగే.

ఈ రెండో కొస కూడా అరిగాక మళ్లీ 444 డబుల్ టేపరే కొంటాను, కానీ 4వ నంబరు. శరదృతువులో నది పలచబడినప్పుడు 140 కంటే 120 గ్రెయిన్లే నీటి మీద మెత్తగా వాలతాయి.