కోయాక్సియల్ ప్రోబ్: నాలుగేళ్ళు వాడాక చెప్తున్నా

చెన్నైలో పీహెచ్‌డీకి చేరిన మొదటి నెల నుంచీ ఈ ప్రోబ్ నా చేతిలోనే ఉంది. లావు పెన్నులాంటి స్టీలు కడ్డీ, దాని చివర చదునైన ముఖం. బీకరులో ముంచితే చాలు, కేబుల్ అవతలున్న నెట్‌వర్క్ ఎనలైజర్ (తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని కొలిచే యంత్రం) ఆ ద్రావణం డైఎలెక్ట్రిక్ స్థిరాంకాన్ని (విద్యుత్ క్షేత్రానికి అది ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకెని) 20 గిగాహెర్ట్జ్ దాకా గీసి చూపిస్తుంది. కొనొచ్చా అని మన తెలుగు జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. అమైనో ఆమ్లాల పనికైతే కొనండి.

25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి విలువ 78.4. అందులో ఆల్కహాల్ కలిపినా ఉప్పు కలిపినా అది తగ్గుతుంది. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపితే మాత్రం పెరుగుతుంది! గ్లైసిన్ అణువు నీళ్ళలో ఒక చివర ధనావేశం, ఇంకో చివర ఋణావేశం పెట్టుకుని ఉంటుంది, అందుకే దాని ద్విధ్రువ భ్రామకం (ఆవేశం ఎంత, వాటి మధ్య దూరం ఎంత అన్నది కలిపి చెప్పే కొలత) నీటి అణువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. లీటరుకి ఒక మోల్, అంటే 75 గ్రాములు వేస్తే దాదాపు 23 పెరిగి వంద దాటుతుంది. 1930లలోనే అమెరికన్ శాస్త్రవేత్త జెఫ్రీస్ వైమన్ కొలిచిన సంగతి ఇది, అయినా నా బీకరులో అదే అంకె వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలనిన్, బీటా-అలనిన్ అనే రెండు అమైనో ఆమ్లాల్ని పక్కపక్కన పెట్టి చూడండి: ఫార్ములా ఒకటే, బరువూ ఒకటే, కానీ రెండోదాంట్లో ఆవేశాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి మోల్‌కి 35 దాకా పెరుగుతుంది, మొదటిదానికి 23 మాత్రమే. ఈ తేడాని ప్రోబ్ చక్కగా పట్టుకుంటుంది. ఇంకో ముచ్చట, కొన్ని గిగాహెర్ట్జ్ దాటాక గ్లైసిన్ గీత నీటి గీత కిందకి దిగిపోతుంది. ఆ వేగానికి అంత పెద్ద అణువు తిరగలేదు, పైగా అది నీళ్ళ చోటు ఆక్రమించుకుని కూర్చుంది కదా.

ఇబ్బందుల్లో మొదటిది బుడగలు. రెండో ఏడాది మూడు వారాల పాటు విలువలన్నీ ఐదారు తక్కువ వస్తుంటే పొడికి తేమ పట్టిందనుకుని కొత్త సీసా తెప్పించా, మళ్ళీ తూకం వేశా, మళ్ళీ అదే. చివరికి సెల్‌ఫోన్ టార్చి వేసి బీకరు కింద నుంచి చూస్తే, ప్రోబ్ ముఖం మధ్యలో ఆవగింజంత బుడగ అతుక్కుని ఉంది. అప్పటి నుంచి నీళ్ళు మరిగించి చల్లార్చాకే ద్రావణం కలుపుతున్నా, ప్రోబ్‌ని ఏటవాలుగా ముంచుతున్నా, టార్చి వేసి చూడకుండా రీడింగ్ తీయడం లేదు.

ఇక ఉష్ణోగ్రత. డిగ్రీ పెరిగితే నీటి విలువ దాదాపు 0.36 తగ్గుతుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది పది నిమిషాల్లో మారిపోతుంది, పొద్దున చేసిన కాలిబ్రేషన్ (విలువ ముందే తెలిసినవాటితో ప్రోబ్‌ని సరిచూసుకోవడం) ఇక పనికిరాదు. నీళ్ళు తిరిగే జాకెట్ బీకరు తప్పనిసరి, ప్రోబ్‌తో పాటు దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కేబుల్ కదిలితే ఫేజ్ (తిరిగొచ్చే తరంగం ఎంత ఆలస్యమైందన్న లెక్క) మారుతుంది, అందుకే దాన్ని టేబుల్‌కి టేపు వేసి బిగించేశా. కేబుల్ చెడితే అమ్మినవాళ్ళు కొత్తది పంపడానికి ఐదు నెలలు పట్టింది, అది మాత్రం నన్ను బాగా బాధపెట్టింది.

ఉప్పు ద్రావణాలకీ, కొన్ని వందల మెగాహెర్ట్జ్ కింద పనికీ దీన్ని నమ్ముకోవద్దు. ఆమ్లం కలిపిన గ్లైసిన్ కూడా అంతే, ఋణావేశపు చివర పోయి అయాన్లు మిగులుతాయి, వాహకత పెరిగి తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర గీతంతా పాడవుతుంది. అందుకే నేను ద్రావణాన్ని పీహెచ్ 6 దగ్గరే ఉంచుతున్నా.