కర్నూలు అంగడికి, ఆదోని గోడౌనుకు ఒకే నెట్‌వర్క్: మైక్రోటిక్ హెక్స్ రౌటర్ రివ్యూ

అంగడి కర్నూల్లో, పత్తి గోడౌను ఆదోనిలో. లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీ అంగట్లోని కంప్యూటర్లో ఉంది, గోడౌను గుమాస్తా అక్కణ్ణుంచే ఎంట్రీలు వేయాలి. ఇలాంటి వ్యాపారానికి కొనదగిన రౌటరు మైక్రోటిక్ హెక్స్, మోడలు ఈ50యూజీ. చోటుకొకటి చొప్పున రెండు కావాలి. ఐదు గిగాబిట్ పోర్టులు, 512 ఎంబీ ర్యామ్, 128 ఎంబీ స్టోరేజీ. వైఫై లేదు, ఉన్న పాత వైఫై డబ్బానే దీని వెనక తగిలించుకోవాలి. ముందటి మోడలు ఆర్‌బీ750జీఆర్3 చౌకగా దొరికినా వద్దు. దాని స్టోరేజీ 16 ఎంబీయే, అప్‌డేట్లకు చోటు చాలక సతాయిస్తుంది.

అంగడి లోపలి కంప్యూటర్లు, ప్రింటరు కలిసి ఒక ప్రైవేటు నెట్‌వర్క్. 192.168తోనో 10తోనో మొదలయ్యే ఆ అడ్రసుల్నే ఊరూరా ఇళ్లలో వాడుతుంటారు, అందుకే బయటి ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. కర్నూలుకూ ఆదోనికీ నడుమ ఉన్నది పబ్లిక్ నెట్‌వర్క్. రెండు చోట్లనూ నేరుగా కలిపే లీజు లైను తీసుకుంటే నికరమే, కానీ ఇద్దరు గుమాస్తాల అంగడికి ఆ అద్దె దండగ. దూరం నుంచి కంప్యూటరు తెరను వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారాన్ని, అంటే పోర్టు 3389ని, నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టే మెకానిక్కులూ ఉన్నారు. అది దొంగ చేతికి తాళాలిచ్చినట్టే: ఆ పోర్టును వెతికే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి, పాస్‌వర్డు చిక్కితే డేటాకు తాళం వేసి డబ్బులడుగుతారు. ఇక మిగిలింది వీపీఎన్. పబ్లిక్ లైను మీదనే రెండు రౌటర్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం. హెక్స్‌లో దీనికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేరు ఉంది, చందా కట్టే పని లేదు.

ఫోన్లో వేసుకునే వీపీఎన్ యాప్ సంగతి వేరు. స్టేషన్ వైఫైలో మీ ట్రాఫిక్‌ను ఆ కంపెనీ సర్వరు దాకా దాస్తుంది, గోడౌనును అంగడికి కలపదు.

రౌటరు కన్నా ముందు లైను చూసుకోండి. ఫైబర్ డబ్బా పేజీలో వాన్ ఐపీ (బయటి లైను వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదని అర్థం. ప్రొవైడరు ఒకే ఐపీని చాలామందికి పంచుతున్నాడు, బయటి నుంచి మీ దాకా పిలుపు రాదు. రెండు చోట్లా ఇదే పరిస్థితైతే సొరంగం లేవదు. అంగడి వైపు ఒక్కటి స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రసు) తీసుకుంటే చాలు, ఆదోని ఎలా ఉన్నా ఫరవాలేదు. అంగడి ఫైబర్ డబ్బాను బ్రిడ్జి మోడులో, అంటే పబ్లిక్ ఐపీ నేరుగా హెక్స్‌కే వచ్చేలా, పెట్టమని కేబులాయనకు చెప్పండి. కుదరకపోతే అందులో, వైర్‌గార్డ్‌కు పెట్టుకున్న యూడీపీ పోర్టును (ఇక్కడ 51820) హెక్స్‌కు ఫార్వర్డ్ చేయాలి.

ఎక్కువమంది బోల్తా పడేది అడ్రసుల దగ్గరే. రెండు హెక్స్‌లూ 192.168.88.1తోనే వస్తాయి. అలాగే వదిలేస్తే ఆదోని కంప్యూటరు కర్నూలు ట్యాలీని తన గదిలోనే వెతుక్కుంటుంది. వేర్వేరు అడ్రసు వరసలుగా కర్నూలుకు 192.168.10.0/24, ఆదోనికి 192.168.20.0/24, సొరంగానికి 10.10.10.0/30 పెట్టండి. రెండు రౌటర్ల పబ్లిక్ కీలు (ఒకదాన్నొకటి గుర్తుపట్టే సంకేతాలు) ఒకదాంట్లో ఒకటి ఎక్కించి, అలౌడ్ అడ్రస్ అనే గడిలో అవతలి నెట్‌వర్క్‌నూ సొరంగం అడ్రసునూ రాయాలి. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ అవతలి నెట్‌వర్క్‌కు దారి చూపే రూటును హెక్స్ తనంతట తాను వేసుకోదు, రెండు వైపులా చేత్తో వేయాలి. అంగడి ఫైర్‌వాల్‌లో 51820ని అనుమతించే రూలు, మిగతా పిలుపుల్ని ఆపేసే డ్రాప్ రూలుకు పైన ఉండాలి, కింద పడితే ఉన్నా లేనట్టే. ఆదోని వైపు కీప్అలైవ్ (సొరంగాన్ని మేలుకొని ఉంచే సంకేతం) 25 సెకన్లు పెట్టకపోతే కాసేపు పనిలేకుండా ఉన్నాక అంగడి నుంచి ఆదోనికి పింగ్ (ఉన్నావా అని అడిగే పిలుపు) అందదు.

రౌటర్ల మధ్య పింగ్ వెళ్తున్నా కంప్యూటరు పలకకపోతే విండోస్ ఫైర్‌వాల్‌ను చూడండి. వేరే సబ్‌నెట్ (అడ్రసు వరస) నుంచి వచ్చే ఫైల్ షేరింగ్‌ను అది మామూలుగానే ఆపేస్తుంది.

ట్యాలీ డేటా ఫోల్డరును సొరంగం గుండా షేరుగా తెరవొద్దు. ప్రతి చిన్న చదువూ రాతా ఆదోని నుంచి కర్నూలుకు వెళ్లిరావాలి, నత్తనడక తప్పదు, లైను మధ్యలో తెగితే డేటా పాడయ్యే ప్రమాదమూ ఉంది. అదే రిమోట్ డెస్క్‌టాప్‌ను సొరంగం లోపల వాడితే తెర బొమ్మే వస్తుంది, పని హాయిగా సాగుతుంది. అంగట్లోని కంప్యూటర్లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్ బయటి కనెక్షన్ తీసుకోదు.

సెటప్ మెనూలు మాత్రం కొత్తవాళ్లకు కీకారణ్యమే. పావుగంటలో వైఫై రౌటరు పెట్టేసే కుర్రాడికి ఇది అప్పగించకండి, వైర్‌గార్డ్ తెలిసినవాణ్ణి పిలవండి. పని అయ్యాక రౌటర్ల సెట్టింగుల బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవులో తీయించుకోండి. ఫైబర్ డబ్బా, హెక్స్ రెండింటినీ ఇన్వర్టరుకు కలపండి, ఒకటి ఆరిపోయినా గుమాస్తా చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే.